నేల విడవని సాము: ఆఫ్‌రోడ్ బండిని కిందికి దించి ట్రాక్ ఎక్కించాలంటే ఏది కొనాలి?

హ్యూస్టన్‌లో ఉండే మా బాబాయి కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నా, 99 మోడల్ జీప్ చెరొకీ ఒకటి చూసిన. ఎల్‌ఎస్ ఇంజిన్ ఎక్కించి నాలుగించులు కిందికి దించుత. నాలుగొందల హార్స్‌పవర్. ఎట్లుంటదంటవ్?" ఎల్‌ఎస్ అంటే జనరల్ మోటార్స్ వాళ్ల వీ8 ఇంజిన్ల కుటుంబం. ఎక్కడ నడుపుతవురా అంటే, రోజూ ఆఫీసుకు, నెలకోసారి రేసు ట్రాక్‌కు అన్నాడు. వాడికి ఫోన్‌లో చెప్పింది సగమే. ఈ పిచ్చి వాడొక్కడిది కాదని తెలుసు గనక మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందే నా పక్షపాతం చెప్పేస్తాను. ఆరేళ్ల కింద నేనూ ఒక చెరొకీ కొని దించాను. రెండేళ్లు గరాజులోనే ఉంది, ట్రాక్ మీద తిరిగింది మొత్తం నాలుగు రోజులు. దాన్ని అమ్మేసి 2007 గ్రాండ్ చెరొకీ ఎస్‌ఆర్‌టీ8 (కంపెనీయే కొద్దిగా దించి, శక్తి పెంచి అమ్మిన రకం) కొన్నాను, ఇప్పటికీ అదే నడుపుతున్నాను. మొదటి బండి లిఫ్టు మీద ఉన్నప్పుడు మా ఆవిడ ఒక మాటన్నది: "బురదల పోయే బండి కొని, బురదల పోకుండ చేసెతందుకు ఇంత ఖర్చా?" దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. కానీ ఎత్తుగా కూర్చుని, వెనక సీట్లో పిల్లల బూస్టర్ సీట్లు పెట్టుకుని, స్పోర్ట్స్ కారును మలుపులో తరమడంలో ఒక చిలిపితనం ఉంది. ఆ చిలిపితనం కోసమే ఎవరైనా ఇది చేసేది. ల్యాప్ టైమే కావాలంటే మాజ్దా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు మియాటా కొనుక్కోండి, సగం డబ్బుతో పనైపోతుంది.

హార్స్‌పవర్ కొనుక్కుంటే దొరుకుతుంది. ఎత్తు, బరువు, ముందు ఇరుసు తీరు మాత్రం బండితో పాటు వచ్చేవి. వాటిని మార్చడానికే అసలు డబ్బు పోతుంది. అందుకని ఏ బండి అని అడిగేవాళ్లను నేను మొదట అడిగేది ఇంజిన్ గురించి కాదు, టేపు పెట్టి కొలిచారా అని.

ముందొక చిన్న లెక్క

ఎడమ చక్రం మధ్య నుంచి కుడి చక్రం మధ్యకు ఉన్న వెడల్పును ట్రాక్ విడ్త్ అంటారు. దాన్ని బండి గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకె స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్. బోల్తా పడే ప్రమాదానికి రేటింగులిచ్చేటప్పుడు అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాడేది దీన్నే. మామూలు కార్లకు 1.3 నుంచి 1.5 దాకా ఉంటుంది, ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3 దాకా. స్థూలంగా చూస్తే, టైర్లు పక్కకు ఎన్ని జీల (ఒక జీ అంటే బండి బరువంత బలం) పట్టు ఇస్తే బండి లోపలి చక్రాలు లేస్తాయో ఈ అంకె చెబుతుంది.

ఒక ఊహా బండిని తీసుకుందాం. ట్రాక్ విడ్త్ 155 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తున. అంకె 1.11. దీనికి ట్రాక్ టైర్లు వేశారనుకోండి, మంచి తారు మీద అవి ఒక జీ పట్టును సులువుగా ఇస్తాయి. అంటే బండి జారడానికీ బోల్తా పడడానికీ మధ్య మిగిలింది వెంట్రుకవాసి. స్టాకు ఎత్తులో, అంటే కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఉన్న ఎస్‌యూవీకి జిగురు టైర్లు వేయొద్దనేది ఇందుకే. మామూలు టైరు ముందే జారిపోయి మిమ్మల్ని కాపాడుతుంది, మంచి టైరు పట్టుకుని పడేస్తుంది.

ఇప్పుడు బాడీని 7.5 సెంటీమీటర్లు దించండి. చక్రాలు, ఇరుసులు ఉన్నచోటే ఉంటాయి గనక గురుత్వ కేంద్రం అంత దిగదు, ఆరున్నర సెంటీమీటర్ల లోపే దిగుతుంది. అంకె 1.22. చక్రాల ఆఫ్‌సెట్ మార్చి ఒక్కో వైపు రెండున్నర సెంటీమీటర్లు బయటికి తెస్తే 1.26. ఆపైన టైరు వ్యాసం అయిదు సెంటీమీటర్లు తగ్గిస్తే బండి మొత్తం రెండున్నర సెంటీమీటర్లు దిగుతుంది, అంకె 1.31.

ఈ 1.31 దగ్గర ఎందుకు ఆగానంటే, అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు ఎస్‌సీసీఏ వాళ్ల ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కొక్కరుగా నడిపే పోటీ) నిబంధనల్లో గీత 1.30 దగ్గర ఉంది. దానికి తక్కువైతే లోపలికి రానివ్వరు. ట్రాక్ డేలు (సొంత బండిని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజులు) పెట్టే క్లబ్బులు చాలావాటికి ఎవరి రూలు వాళ్లకుంది, కొందరైతే ఎస్‌యూవీ అంటేనే వద్దంటారు. బండి కొనే ముందు మీరు వెళ్లాలనుకునే రెండు మూడు క్లబ్బులకు మెయిల్ పెట్టండి. నేను పెట్టలేదు. చెరొకీ సిద్ధమయ్యాక గేటు దగ్గర తెలిసింది, ఆ రోజు కట్టిన ఫీజు కూడా వెనక్కి రాలేదు.

చెరొకీ: బరువు తక్కువ, పని ఎక్కువ

మావాడు చూసిన ఎక్స్‌జే చెరొకీ 1984 నుంచి 2001 దాకా అమెరికాలో వచ్చింది. 4.0 లీటర్ల స్ట్రెయిట్ సిక్స్, చివరి పదేళ్లలో 190 హార్స్‌పవర్. విడి ఛాసిస్ ఉండదు, కారులాగా మోనోకాక్. బరువు టన్నున్నర దగ్గర. ఈ వ్యాసంలో పోల్చే ఎస్‌యూవీలన్నింటిలో తేలికైంది ఇదే, దీని గురించి చెప్పుకోదగ్గ గొప్ప కూడా అదే. నాలుగొందల హార్స్‌పవర్ పెడితే టన్నుకు 267 పడుతుంది. స్టాకు ఎస్‌ఆర్‌టీ8కు టన్నుకు దాదాపు 190 మాత్రమే. కాగితం మీద మావాడి ప్లాను బంగారం.

కాగితం దిగి కిందికి దూరి చూస్తే వేరే కథ. ముందు ఒకే గట్టి ఇరుసు, కాయిల్ స్ప్రింగుల మీద. వెనక కమాన్ పట్టీలు. చాలా పాత పికప్పుల్లో, జీపుల్లో వెనక భాగం దించాలంటే కమానుకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మె పెడతారు. కమాను ఇరుసు కింద ఉన్న బండిలో ఆ దిమ్మె బాడీని దించుతుంది. ఎక్స్‌జేలో కంపెనీ నుంచే కమాను ఇరుసు పైన కూర్చుంటుంది, కాబట్టి అదే దిమ్మె బండిని ఎత్తుతుంది. ఇది తెలియక దిమ్మెలు కొనుక్కొచ్చి బండి వెనక భాగాన్ని గాల్లోకి లేపిన మహానుభావుణ్ణి నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో కనిపిస్తాడు.

దించాలంటే రెండే దారులు. పట్టీల వంపు తగ్గించడం, లేదా ఇరుసును కమాను పైకి మార్చడం. రెండోది చేస్తే ఒక్కసారిగా అయిదించులు దాకా దిగుతుంది. అప్పుడు ఇరుసు పైకి కొట్టుకోవడానికి చోటుండదు, బాడీలో పైన కోసి ఖాళీ చేసి, దానికి వెల్డింగుతో బలం ఇవ్వాలి. మోనోకాక్ గనక అసలే పాతికేళ్ల రేకు, ఎక్కడ పగుళ్లున్నాయో తుప్పు గీకితే తప్ప తెలియదు. నేను పట్టీల వంపు తీయించి మూడించుల దగ్గర ఆగాను.

ముందు వైపు స్ప్రింగులు మార్చగానే బండి దిగుతుంది, దాంతో పాటు ఇరుసు పక్కకు జరుగుతుంది. ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే ట్రాక్ బార్ వాలుగా ఉంటుంది. బండి దిగితే ఆ వాలు తగ్గి, అడ్డం పొడవు పెరిగి, ఇరుసును ఒక పక్కకు నెడుతుంది. పొడవు సరిచేసుకునే వీలున్న ట్రాక్ బార్ వేసి మధ్యకు తెచ్చుకోవాలి. కంట్రోల్ ఆర్మ్‌ల (ఇరుసును బాడీకి పట్టి ఉంచే కడ్డీల) కోణం మారి క్యాస్టర్ (చక్రం తిరిగే అక్షం ముందువెనకలకు వాలిన కోణం) కూడా మారుతుంది, అదీ సరిచేయాలి. గట్టి ఇరుసుకు ఒక సుగుణం ఉంది: బాడీ ఎంత ఒరిగినా టైరు నిటారుగానే ఉంటుంది. కానీ నెగటివ్ క్యాంబర్ (టైరు పైభాగం లోపలికి వాలడం) కావాలంటే మామూలు అలైన్‌మెంటుతో రాదు, ఆఫ్‌సెట్ బాల్ జాయింట్లు వేయాలి. అవి వేయకముందు నా ముందు టైర్ల బయటి అంచులు ఒక్క రోజులో అరిగిపోయాయి.

ఇంజిన్ మార్పిడి గురించి ఎక్కువ చెప్పను, దానికి వేరే వ్యాసం కావాలి. అల్యూమినియం ఎల్‌ఎస్ ఆ పాత ఇనుప ఇంజిన్ కంటే బరువేం కాదు, ఆ భయం వద్దు. భయపడాల్సింది మిగతా జాబితాకు: మౌంట్లు, వైరింగు, కంప్యూటర్, రేడియేటర్, ఇంధన పంపు, స్టీరింగ్ షాఫ్టుకు తగలని ఎగ్జాస్టు, కొత్త ప్రొపెల్లర్ షాఫ్టులు. చాలా చెరొకీల్లో వెనక ఉండే డానా 35 ఇరుసు ఆ శక్తిని మోయదు. 1995 నుంచి 2001 మధ్య ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల 8.8 ఇరుసు తెచ్చి వేసుకుంటారు, వాటితో వెనక డిస్కు బ్రేకులు కూడా వస్తాయి. అదొక్కటే ఇందులో ఒక దెబ్బకు రెండు పిట్టలు.

చెరొకీయే కావాలని మనసు పీకుతుంటే దాని అన్న లాంటి 1993–98 గ్రాండ్ చెరొకీ, జెడ్‌జే మోడల్ చూడండి. నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే కాబట్టి దించడం సగం సులువు. వీ8 దానికి కంపెనీయే ఇచ్చింది, 1998లో ఒక్క ఏడాది 5.9 లీటర్ల ఇంజిన్‌తో 245 హార్స్‌పవర్ బండి వచ్చింది. రెండు ఇరుసులూ గట్టివే. అయినా చెరొకీ కంటే నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

ట్రయల్‌బ్లేజర్ ఎస్‌ఎస్, గ్రాండ్ చెరొకీ ఎస్‌ఆర్‌టీ8

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. రెండూ 2006లో వచ్చాయి. రెండింటినీ కంపెనీలే మామూలు మోడల్ కంటే ఒక ఇంచు దాకా దించి అమ్మాయి. రెండింటికీ ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక గట్టి ఇరుసు.

షెవర్లే ట్రయల్‌బ్లేజర్ ఎస్‌ఎస్‌లో కార్వెట్‌లో పెట్టిన ఎల్‌ఎస్2 ఇంజిన్, 6.0 లీటర్లు, 395 హార్స్‌పవర్. 2009 దాకా చేశారు. ఎల్‌ఎస్ కుటుంబం గనక విడిభాగాలకు కొదవ ఉండదు, చిన్న ఊళ్లో మెకానిక్ కూడా దాని మీద చేయి వేస్తాడు. వెనక చక్రాలకే శక్తి వెళ్లే రకమూ ఉంది, నాలుగింటికీ వెళ్లే రకమూ ఉంది. సాబ్ 9-7ఎక్స్ ఏరో అని 2008, 2009లో ఇదే ఇంజిన్‌తో ఇదే బండి వేరే ముఖంతో వచ్చింది. దొరికితే దాన్నీ చూడండి, పేరు తెలియక తక్కువకు అమ్మేవాళ్లుంటారు. లోపాలు రెండు. ఒకటి, నాలుగు గేర్ల ఆటోమేటిక్. ట్రాక్ మీద మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు కావలసిన గేరు ఎప్పుడూ పైదో కిందిదో అయి ఉంటుంది. రెండోది, విడి ఛాసిస్ మీద కూర్చున్న బాడీ. స్టీరింగు తిప్పాక ఛాసిస్ ముందు వెళ్తుంది, బాడీ ఒక క్షణం ఆగి వెనకే వస్తుంది. రోడ్డు మీద తెలియదు, ట్రాక్ మీద తెలుస్తుంది.

ఎస్‌ఆర్‌టీ8లో 6.1 లీటర్ల హెమీ వీ8 ఇంజిన్, 420 హార్స్‌పవర్, అయిదు గేర్ల మెర్సిడెస్ జాతి ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ శక్తి. 2010 దాకా ఈ తరం నడిచింది. బాడీ మోనోకాక్. ముందు 360, వెనక 350 మిల్లీమీటర్ల డిస్కులకు నాలుగు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. ట్రయల్‌బ్లేజర్‌కు ఆ స్థాయి బ్రేకులు తర్వాత వేయించాలంటే రెండు బండ్ల మధ్య ధర తేడా అక్కడే చెల్లిపోతుంది. నేను దీన్ని కొనడానికి పెద్ద కారణం ఈ బ్రేకులే.

దీని టైర్ల కొలతల్లో ఒక తెలివి చూడండి. ముందు 255/45, వెనక 285/40, రెండూ 20 అంగుళాల చక్రాలకు. వెడల్పులో మూడు సెంటీమీటర్ల తేడా, కానీ వ్యాసం లెక్కగడితే తేడా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. నాలుగు చక్రాలూ ఒకదానికొకటి ముడిపడిన బండిలో ముందు వెనక వ్యాసాలు తేడాగా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే గేరుపెట్టె) తిన్నగా వెళ్తున్నా నలుగుతూనే ఉంటుంది. మీరు టైర్లు మార్చినా ఈ నియమం తప్పొద్దు. అరిగిన రెండు టైర్లకు జతగా కొత్త రెండు వేయడం కూడా అదే తప్పు.

దీని లోపాలూ చెప్పాలి. బరువు దాదాపు 2,200 కిలోలు. ఇంజిన్ బాగా వేడెక్కితే వాల్వ్ సీట్లు జారిపోయిన బండ్లున్నాయి, అదే జరిగితే ఇంజిన్ ఖర్చు బండి ఖర్చుకు దగ్గరికొస్తుంది. కొనేటప్పుడు కూలెంట్ చరిత్ర అడగండి. ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి, బండి తనను తానే పట్టుకున్నట్టు గుంజితే ట్రాన్స్‌ఫర్ కేసు మీద అనుమానం పెట్టుకోండి. లో రేంజ్ గేరు లేదు, కాబట్టి తర్వాతెప్పుడో మనసు మారి కొండలెక్కుదామంటే కుదరదు.

డబ్బు గట్టిగా ఉండి పని చేసే ఓపిక లేనివాళ్లకు దీని మనవడు ట్రాక్‌హాక్ ఉంది. 2018 నుంచి 2021 దాకా, 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ హెమీ, 707 హార్స్‌పవర్. తిన్నగా వెళ్లేటప్పుడు దాన్ని ఎవరూ తిట్టలేరు. బరువు 2,430 కిలోల దగ్గర. ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో పదకొండో మలుపు దాటాక కిలోమీటరు దాకా తిన్నటి రోడ్డు, చివర గట్టిగా బ్రేకు పడే పన్నెండో మలుపు. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర ఈ బరువులో దాగున్న శక్తి 3.75 మెగాజూళ్లు. టన్నున్నర చెరొకీలో అదే వేగానికి 2.3. ప్రతి ల్యాపులో ఆ తేడా అంతా డిస్కుల్లోకి వేడిగా పోవాలి. 400 మిల్లీమీటర్ల డిస్కులున్నా వేడి వేడే, ప్యాడ్లు ప్యాడ్లే. ట్రాక్‌హాక్ కొని ఇంకా హార్స్‌పవర్ పెంచేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం.

"ఇంత గోల దేనికి, పాత పోర్షె కయెన్ టర్బో కొనుక్కో" అనేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. వాళ్ల మాటలో నిజముంది. 2003లోనే 450 హార్స్‌పవర్, నాలుగు వైపులా ఇండిపెండెంట్ సస్పెన్షన్, లో రేంజ్ కూడా. ఇన్‌టేక్ కింద ప్లాస్టిక్ కూలెంట్ పైపులు విరగడం దీని పేరుమోసిన జబ్బు, అల్యూమినియం పైపులు వేసిన బండి వెతకండి. నేను కొననిది ఆ బండి మీద కోపంతో కాదు, నా గరాజులో నేనే రిపేరు చేసుకోవాలి గనక.

ఇక సైక్లోన్. 1991లో జీఎంసీ ఒక చిన్న పికప్పును దించి, 4.3 లీటర్ల వీ6కు టర్బో పెట్టి, 280 హార్స్‌పవర్‌తో నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చి అమ్మింది. ఒక పత్రిక దాన్ని ఫెరారీ 348తో పక్కపక్కన పెట్టి పరుగెత్తిస్తే పావుమైలులో సైక్లోనే ముందు నిలిచింది. చేసినవి మూడు వేల లోపు. మరుసటి ఏడాది దాని ఎస్‌యూవీ తమ్ముడు టైఫూన్ వచ్చింది, అవి 4,697. పికప్పు అయినా 500 పౌండ్లకు మించి బరువెక్కించొద్దని, ఆఫ్‌రోడ్ తీసుకెళ్లొద్దని కంపెనీయే రాసిచ్చింది. ఈ వ్యాసంలోని పిచ్చికి మూలపురుషుడు అదే. అందుకే దాన్ని కోసి మార్చకండి. ఒకటి దొరికితే కడిగి తుడిచి దాచుకోండి.

ఎంత దించాలి, దేనితో దించాలి

ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండిని బాగా దించితే మేలు కన్నా కీడు మొదలయ్యే చోటు ఒకటుంటుంది. బండి మలుపులో ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. బండి దిగితే గురుత్వ కేంద్రం దిగుతుంది, కానీ కంట్రోల్ ఆర్మ్‌లు పైకి వాలేకొద్దీ రోల్ సెంటర్ అంతకంటే వేగంగా దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, బండి దిగాక ఇంకా ఎక్కువ ఒరిగే విచిత్రం జరుగుతుంది. ఎస్‌ఆర్‌టీ8కు కంపెనీ దించిన దాని మీద ఒకటి, ఒకటిన్నర ఇంచులు చాలు. అంతకంటే దిగాలనుకుంటే టైరు వ్యాసంలో దించండి, ఆర్మ్‌ల కోణం చెడదు.

పనిముట్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. స్ప్రింగు కోసి పొట్టి చేయడం నేరం లాంటిది. పొట్టి స్ప్రింగు ప్రయాణించే దూరం తక్కువ గనక గట్టిగా ఉండాలి, కోస్తే ఎంత గట్టిపడుతుందో మన చేతిలో ఉండదు, పైగా చివర సరిగా కూర్చోదు. లోయరింగ్ స్ప్రింగులు కొని పాత షాకులే ఉంచేయడం కూడా సగం పని, గట్టి స్ప్రింగును పాత షాకు ఆపలేక బండి బంతిలా ఎగురుతుంది. డబ్బుంటే ఎత్తు సరిచేసుకునే కాయిలోవర్లు (స్ప్రింగు, షాకు ఒకటిగా ఉండేవి) వేసుకోండి. ఎయిర్ సస్పెన్షన్ రోడ్డు షోకుకు బాగుంటుంది, ట్రాక్‌కు వద్దు. ఏది వేసినా బంప్ స్టాపులు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు తగిలే రబ్బరు దిమ్మెలు) పొట్టివి వేసుకోండి. లేకపోతే మలుపు మధ్యలో బండి స్టాపు మీద కూర్చుని, పట్టు ఉన్నపళంగా పోతుంది. వెనక యాంటీ రోల్ బార్ (బండి ఒరగకుండా పట్టే అడ్డ కడ్డీ) కాస్త లావుది వేస్తే బరువైన ముక్కు తిన్నగా జారిపోవడం తగ్గుతుంది. స్ప్రింగుల కన్నా ముందు దానితో మొదలుపెట్టినా తప్పు లేదు.

దించిన మరుసటి రోజే అలైన్‌మెంట్ చేయించండి. మరుసటి వారం కాదు.

2017లో టొయోటా వాళ్ల ల్యాండ్ క్రూజర్ ఒకటి గంటకు 230 మైళ్లు దాటిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. రెండు వేల హార్స్‌పవర్, ఒకప్పటి నాస్కార్ రేసు డ్రైవర్ కార్ల్ ఎడ్వర్డ్స్ నడిపాడు, మోహావీ విమానాశ్రయం రన్‌వే మీద. దాన్నీ దించారు. కానీ అది తిన్నగా పోయే పని, బండి కిందికి గాలి దూరి లేపకుండా దించడం. దాన్ని చూసి మలుపుల బండి కట్టొద్దు.

హార్స్‌పవర్, చివరగా

ఎల్‌ఎస్2 కంప్రెషన్ నిష్పత్తి 10.9, హెమీ 6.1ది 10.3. రెండూ ఎక్కువే గనక టర్బోకో సూపర్‌చార్జర్‌కో అనువైనవి కావు. కొద్దిపాటి బూస్టు (ఒత్తిడితో తోసే గాలి) తట్టుకుంటాయి గానీ, ట్రాక్ మీద ఇరవై నిమిషాలు వరసగా తొక్కితే పెట్రోలు నాణ్యత, వేడి, అన్నీ కలిసి పిస్టన్ల మీద పడతాయి. ఇంజిన్ ముట్టుకోకుండా, ఆ డబ్బుతో ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు పెద్ద కూలర్, ఇంజిన్ ఆయిల్ కూలర్ పెట్టించండి. పొడవైన మలుపుల్లో ఆయిలంతా ఒక పక్కకు పోయి పంపుకు అందదు, ఆయిల్ ప్యాన్‌లో అడ్డుపలకలుంటే మంచిది. కనీసం ట్రాక్ రోజుల్లో ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దాకా ఉంచుకోండి.

మార్పులకు మీ దగ్గర పది రూపాయలుంటే మూడు చక్రాలు టైర్లకు, మూడు బ్రేకులకు, రెండు స్ప్రింగులు షాకులకు, ఒకటి కూలింగ్‌కు, మిగిలినది ట్రాక్ ఫీజులకు. మొదటి ఏడాది హార్స్‌పవర్‌కు సున్నా. బ్రేకులంటే పెద్ద డిస్కులే కాదు, వేడిలో మరగని ఫ్లూయిడ్, ట్రాక్ ప్యాడ్లు, డిస్కుల మధ్యకు గాలి తెచ్చే గొట్టాలు. టైరు కొనేటప్పుడు లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) చూడండి. రెండు టన్నుల బండికి తేలిక కారు టైరు వేస్తే మలుపులో పక్క గోడ మడుచుకుపోతుంది.

చట్టం, ఇన్సూరెన్స్

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. అయితే డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హారిస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది, 24 ఏళ్ల లోపు పెట్రోలు బండ్లకు. అంటే ఎస్‌ఆర్‌టీ8, ట్రయల్‌బ్లేజర్ రెండూ పరీక్షకు వెళ్లాలి, ఎగ్జాస్టులో క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే దొరికిపోతారు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ పార్టు మీద రాష్ట్ర ఆమోద సంఖ్య ఉందో లేదో చూస్తారు, ఇంజిన్ మారిస్తే బండి కంటే పాత ఇంజిన్ పనికిరాదు, రెఫరీ (రాష్ట్రం తరఫున బండిని పరిశీలించేవాళ్లు) దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి. ఫ్రీమాంట్‌లో ఉండి చెరొకీకి ఎల్‌ఎస్ వేద్దామనుకునేవాళ్లు ముందు అది చదవండి.

మీ రోజువారీ ఇన్సూరెన్స్ పాలసీలో ట్రాక్ మీద జరిగిన దానికి మినహాయింపు రాసి ఉంటుంది, తీసి చదవండి. ఒక రోజుకు మాత్రమే ఇచ్చే ట్రాక్ పాలసీలు విడిగా దొరుకుతాయి.

థార్‌తో హైదరాబాద్‌లో ఇదే చేద్దామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదొక్కటీ పక్కన పెట్టినా, పది సెంటీమీటర్ల ఎత్తుండాల్సిన స్పీడ్ బ్రేకర్ మన కాలనీల్లో ఎంత ఎత్తుంటుందో మీకే తెలుసు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు తిరిగాయి గానీ అది ఏర్పాటు చేసి తీసేసిన వీధి ట్రాక్. మన రెండు రాష్ట్రాల్లో రేసు ట్రాక్ కోసం వెతికే బదులు చెన్నై దగ్గరున్న ట్రాక్‌కో, కోయంబత్తూరుకో వెళ్లాలి. థార్‌ను అలాగే ఉంచి, ట్రాక్ కోసం ఒక పాత హ్యాచ్‌బ్యాక్ కొనుక్కోవడం మేలు.

మావాడి సంగతికొస్తే, ఇదంతా విని రెండు రోజులు అలిగాడు. తర్వాత సాన్ ఆంటోనియోలో 2008 ఎస్‌ఆర్‌టీ8 ఒకటి ఉందని లింకు పంపాడు. ఫొటోల్లో ముందు కుడి మూల మిగతా మూడు మూలల కంటే కొద్దిగా కిందికి ఉంది. కోసిన స్ప్రింగులని నా అనుమానం. శనివారం చూడటానికి వెళ్తున్నాడు. టేపు పట్టుకెళ్లి, నాలుగు చక్రాల మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి ఫోన్ చేయమన్నాను.